కూర్చుని చూసి కొన్న రివాల్వరు

ఎన్నికలు ప్రకటించిన మర్నాడే మా పేట పోలీసు స్టేషను నుంచి ఎప్పటిలాగే ఫోను వచ్చింది, లైసెన్సు ఉన్న తుపాకీ తెచ్చి అప్పగించి, ఓట్ల సందడి ముగిశాక తీసుకుపొమ్మని. మా ఇంట్లో ఆ లైసెన్సు మా మేనత్తది. ఎనభై దాటిన మనిషిని ఆటో ఎక్కించుకుని మద్రాసు వాషర్‌మెన్‌పేట్ సందుల్లో గుంతలు తప్పించుకుంటూ తీసుకువెళ్లాను. బల్ల వెనక కూర్చున్న కుర్ర కానిస్టేబులు ముందు నా చేతుల కేసి చూశాడు, తరువాత మా వెనక ఎవరైనా మగవాళ్లు వస్తున్నారేమోనని గుమ్మం కేసి చూశాడు, చివరికి మా అత్త కొంగు సర్దుకుని నడుము దగ్గరి గుడ్డ తిత్తి తీసి బల్ల మీద పెట్టి తాడు విప్పుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇది మీదా పాట్టీ, అంటే మామ్మా, అని అరవంలో అడిగాడు. అడిగిన తీరులో వెటకారం లేదు గానీ నమ్మకమూ లేదు. అతను పుట్టకముందు సంగతి, అతనికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

తొంభైల మొదట్లో మా మామయ్య, అంటే ఈ అత్త భర్త, ఉన్నట్టుండి పోయేనాటికి నేను బీకాం ముగించి ఉద్యోగం కోసం చూస్తున్నాను. వాళ్లది జార్జి టౌన్‌లో నగల రాళ్ల వ్యాపారం. వ్యాపారమంటే పెద్ద కొట్టూ అద్దాల బీరువాలూ అనుకోకండి. మేడ మీద ఒక గది, గదిలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద ఒక త్రాసు, భూతద్దం, పట్టకారు, అంతే. పెద్ద వ్యాపారులు కెంపులూ పచ్చలూ కాగితం పొట్లాల్లో మడిచి ఇస్తే వాటిని నగలు చేసే దుకాణాలకు తీసుకువెళ్లి చూపించి, వాళ్లకు నచ్చినవి అమ్మి, మిగిలినవి సాయంత్రానికి తిరిగి అప్పగించాలి. ఆ ఇవ్వడానికి రాతకోతలేమీ ఉండేవి కావు, పొట్లం చేతిలో పెట్టి "పోయి రా" అనేవాళ్లు, అదే రసీదు. మామయ్య కర్మలు కాగానే అత్త వెళ్లి ఆ పరుపు మీద కూర్చుంది, నన్ను తోడుగా పక్కన కూర్చోబెట్టుకుంది. కెంపులో వెంట్రుకవాసి గీటున్నా ఆమె కంటిని దాటిపోయేది కాదు, బేరంలో గొంతు పెంచేదీ కాదు. నేను ఆమెను చూస్తూనే ఉద్యోగం సంగతి మరిచిపోయాను.

ఒకరోజు బ్రాడ్‌వే బస్టాండులో ఎవడో ఆమె భుజానున్న సంచి లాక్కుని పరుగెత్తాడు. దొంగకు దక్కింది పెరుగన్నం క్యారియరు, రాళ్లు నడుములోనే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆ మాట చెప్పుకుని మేమిద్దరం నవ్వుకున్నాం గానీ వ్యాపారులు నవ్వలేదు. ఇవాళ క్యారియరు పోయింది, రేపు పొట్లం పోదని ఏమిటి అని వాళ్ల భయం. అందరిలోకీ పెద్దాయన, మామయ్యకు మొదటి పొట్లం ఇచ్చిన మనిషి, సరుకుకు ఒక కాపలా ఏర్పాటు చేసుకున్నాక రమ్మని మెత్తగా చెప్పి పంపించాడు. ఇదే అదనుగా అత్త మరిది రంగంలోకి దిగాడు. చెడ్డవాడు కాడు పాపం, ఆడమనిషి ఆ ఇరుకు సందుల్లో తిరగడం అతనికి నిజంగానే కంటగింపుగా ఉండేది. నువ్వు ఇంటిపట్టున ఉండు వదినా, యాపారం సంగతంతా నేను చూసుకుంటా అన్నాడు. ఒకసారి ఆ పరుపు మీంచి లేస్తే మళ్లీ కూర్చోనివ్వరని అత్తకు తెలుసు. "కాపలా నేనే ఉంటాలే" అంది. అన్న మర్నాడే తుపాకీ లైసెన్సు కోసం తిరగడం మొదలుపెట్టింది.

ఆ తిరుగుడంతా చెబితే మీకు విసుగొస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మీకు తుపాకీ అంటే భయం లేదా అని లైసెన్సులిచ్చే అధికారి అడిగితే, భయం ఉండబట్టే కదా మీ దగ్గరికి వచ్చాను అందట ఈవిడ. నెలలు గడిచాక లైసెన్సు చేతికి వచ్చింది.

మౌంట్ రోడ్డులో తుపాకుల కొట్టుకు మాతో మరిది కూడా వచ్చాడు, తుపాకీ ఎంచడం మగవాళ్ల పనని అతని నమ్మకం. గొట్టం పొడుగ్గా ఉన్న పాత విదేశీ రివాల్వరు ఒకటి చూసి, ఇది చూస్తేనే దొంగలు పారిపోతారని ముచ్చటపడ్డాడు. అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. కొట్టాయన చెప్పినట్టే గొట్టాన్ని గోడ వైపు తిప్పి, లోపల గుండ్లు లేవని స్వయంగా చూసుకుని, తెచ్చుకున్న పాత తిత్తిలో పెట్టి నడుములో దోపుకుంది. ఆ తిత్తి మీకు గుర్తుండే ఉంటుంది, మన అవ్వలు వక్కాకు పెట్టుకునే తాడు సంచి, అరవంలో సురుక్కుపై అంటారు. దోపుకుని అటూ ఇటూ నడిచింది, బస్సు మెట్టు ఎక్కినట్టు కాలు ఎత్తి చూసింది. ఆ తరువాత, కొట్టు నిండా మనుషులుండగా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మరిదికి తల కొట్టేసినంత పనయింది. "లే వదినా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు పళ్లు బిగించి. అత్త లేవలేదు. "నా పనంతా కూసోని చేసేదే గదబ్బాయా, నిలబడి కొంటే ఎట్టా?" అంది. పొడుగు గొట్టం పొట్టలో పొడుచుకుంటోందని దాన్ని వెనక్కి ఇచ్చేసింది. తరువాత చూపించిన పిస్తోలు పలచగా, నడుముకు చక్కగా అతుక్కుపోయింది గానీ, దాని పైభాగాన్ని వెనక్కి లాగడానికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పొట్లం మీదే ఉంటుంది నాయనా అని దాన్నీ పక్కన పెట్టింది. ఆఖరికి కొట్టాయన అరలోంచి ముప్పై రెండు బోరు రివాల్వరు తీశాడు. పొట్టిది, ఇక్కడే తయారైనది, చూపుకు ఏమంత గొప్పగా లేదు. దానితో కూర్చుంది, లేచింది, వంగింది, గోడ వైపు గురిపెట్టి ఉత్తినే మీట నొక్కి తన వేలికి అందుతుందో లేదో చూసుకుంది. నిమిషం సేపు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది. రాయి కొనేముందు కూడా అచ్చం అలాగే కూర్చునేది. ఇది రోజంతా నాతో ఉంటుంది అని లేచి నిలబడింది.

తాళాలూ చిల్లరా ఉన్న సంచిలో వేయవద్దు, మీట ఎప్పుడూ కప్పి ఉండాలి అని కొట్టాయన గట్టిగా చెప్పాడు. అత్త రాయపురంలో చెప్పులు కుట్టే ఒకాయన చేత సరిగ్గా దాని కొలతకు దళసరి తోలు ఒర కుట్టించి, దాని మీద పాత సిల్కు జాకెట్టు గుడ్డ తొడిగి తాడు ఎక్కించింది. చూసేవాళ్లకు అది వక్కాకు తిత్తే. ఆదివారాలు ఊరి బయట తుపాకీ కాల్చడం నేర్పే చోటికి వెళ్లేవాళ్లం. చుట్టూ ప్యాంట్లు వేసుకున్న మగవాళ్లు, మధ్యలో కుచ్చిళ్లు ఎగదోపి, కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని మా అత్త. ఎంత గర్వంగా ఉండేదో నాకు. వ్యాపారులు కూడా మెల్లగా పొట్లాలు ఇవ్వడం మొదలుపెట్టారు, అయితే చిన్నవి, తక్కువ ఖరీదువి. పెద్దాయన మాత్రం చూద్దాం అనేవాడు.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఏటా త్రాసుకూ పట్టకారుకూ గంధం బొట్లు పెట్టే అత్తగారికి, అంటే మామయ్య తల్లికి, తన జన్మలో మొదటిసారి పూజలో నిజమైన ఆయుధం దొరికింది. ఇక ఆవిడ ఉత్సాహం అడగాలా? విజయదశమి పొద్దున పనిముట్లు మళ్లీ చేతికి తీసుకునే ముందు, ఖాళీగా ఉన్న ఆ రివాల్వరుకు గంధం బొట్టుగా కాదు, పూతగా పట్టించింది. దేవుడి గంధం తుడవకూడదు గనుక అత్త పైపైన అద్ది, తడి ఆరకముందే గుండ్లు నింపుకుని తిత్తిలో పెట్టుకుంది. ఇద్దరం బయలుదేరాం.

మిట్టమధ్యాహ్నం జార్జి టౌన్ సందులో మూటల బండి ఒకటి అడ్డం తిరిగి ఆగిపోయింది. మేము గోడ పక్కగా తప్పుకుంటుంటే ముందు నుంచి ఒకడు, వెనక నుంచి ఒకడు వచ్చారు. ముందువాడు అత్త చెయ్యి పట్టుకున్నాడు. వాడి గుప్పిట్లో కత్తి మొన కనిపించింది. అత్త చెయ్యి విదిలించుకుని, చటుక్కున గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది, సరిగ్గా ఆరోజు కొట్టులో కూర్చున్నట్టే. ఎడమ చెయ్యి పొట్లం మీద, కుడి చెయ్యి తిత్తిలో. "కూసోవే, నా పక్కన కూసో" అని నన్ను లాగింది. లాక్కుపోవడానికి నిలబడ్డ మనిషి కావాలి గానీ గోడకు అతుక్కుని కూర్చున్న మనిషిని ఏం చేస్తారు? ముందువాడు తిత్తిలో ఉన్న ఆమె చేతిని చూశాడు, ఆమె కళ్లను చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈలోపు బండివాడు కేక పెట్టాడు, నలుగురు పోగయ్యారు, ఇద్దరూ జనంలో కలిసిపోయారు.

ఇంటి దారి పట్టాక, ఎందుకు బయటికి తీయలేదత్తా అని అడిగాను. "తీస్తే పేల్చాల్సి వస్తాది. వాడి ఎనకాలే బండాయన ఉండాడు, ఆయన ఎనక ఎవురి పిల్లకాయలో ఆడుకుంటా ఉండారు. చూడలా నువ్వు?" అంది. నేను చూడలేదు. ఆ కత్తి తప్ప నాకేమీ కనబడలేదు.

ఇంటికొచ్చి గుండ్లు తీయబోతే రివాల్వరు తెరుచుకోలేదు. గుండ్ల చక్రం చుట్టూ గంధం ఎండి సున్నంలా పట్టేసింది, మీట కూడా కదలలేదు. అత్తగారు తల పట్టుకుని కూలబడింది. అత్త మాత్రం కాసేపు దాన్ని అలాగే చూసి, "బాగనే కాచింది లే అత్తా, మీ గంధం" అని, దాన్ని జాగ్రత్తగా చుట్టి బాగుచేయించడానికి ఆ సాయంత్రమే కొట్టాయన దగ్గరికి పట్టుకెళ్లింది. ఆ తరువాత ఏటా పూజలో తిత్తికే బొట్టు, రివాల్వరు పక్కన ఒక పువ్వు.

మర్నాడు పెద్దాయన కబురు పెట్టాడు. సందులో జరిగింది అప్పటికే ఆయన చెవిన పడింది. అత్త గంధం సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు, నవ్వి లోపలికి వెళ్లి మామయ్య పోయాక ఎవరికీ ఇవ్వని మేలురకం కెంపుల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "పోయి రామ్మా" అన్నాడు. మెట్లు దిగుతూ అత్త ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. మరిది మళ్లీ ఇంటిపట్టున ఉండమనే ఊసెత్తలేదు, పైగా కనబడ్డవాళ్లందరికీ ఆ రివాల్వరు తానే ఎంపిక చేశానని చెప్పుకునేవాడు. అత్త కాదనేది కాదు.

మొన్న స్టేషనులో ఆమె ఆ కుర్రవాడితో, ఇక ఇది మళ్లీ నాకు వద్దు, వేలికి మీట అందడం లేదు, ఎవరికి అప్పగించాలో చెప్పు నాయనా అంది. ఆ మాట నాతో ముందుగా అనలేదు. తిరుగు దారిలో ఖాళీ తిత్తిని ఒళ్లో పెట్టుకుని తాడు బిగిస్తూ వదులుతూ కూర్చుంది. ఇప్పుడు రాళ్ల ఫొటోలు ఫోన్లలో వెళుతున్నాయి, రాళ్లు తాళం వేసిన వ్యానుల్లో వెళుతున్నాయి, పక్కన పెద్ద తుపాకీ పట్టుకుని కాపలా మనిషి కూర్చుంటున్నాడు. మంచిదే, ఎవరికీ ప్రాణభయం లేదు. కానీ ఒక మనిషి ముఖం చూసి తన ఆస్తినంతా కాగితంలో మడిచి చేతిలో పెట్టేవాళ్లు లేరు, అలా పెట్టించుకున్న మనిషి నడకలో ఉండే ఆ నిబ్బరమూ ఇప్పుడు నాకెక్కడా కనబడదు.

ఇవాళ పొద్దున అత్త వక్కాకు కొనుక్కోవడానికి వీధి చివరకు బయలుదేరుతుంటే నడుములో తిత్తి బరువుగా వేలాడుతూ కనిపించింది. ఏముందని తాకి చూస్తే పాత త్రాసు తాలూకు ఇత్తడి గుండ్లు. "బరువు లేకుంటే అడుగు సరిగా పడడంలేదే" అంది, చిన్నపిల్ల దొరికిపోయినట్టు నవ్వి. గడప దగ్గర ఎందుకో ఆగి నా వైపు చూసింది.

"పోయి రా అత్తా" అన్నాను.