చాటలతో నడిచిన బడి

పోయిన వారం ఎల్లారెడ్డి నుంచి మా బడి పెద్ద టీచరు ఫోన్ చేసి, కొత్త గది గోడ మీద రాయించడానికి బడి ఎలా మొదలైందో నాలుగు వాక్యాలు పంపమని అడిగింది. కామారెడ్డిలో మా అబ్బాయి ఇంట్లో కాగితం ముందేసుకుని కూర్చున్నాను గాని, నాలుగు వాక్యాలు పుటలై, అవి గోడకు పనికిరావని తేలిపోయి, నా ఈడు వాళ్ళు మీరైనా ఓపిగ్గా చదువుతారు కదా అని ఇలా రాస్తున్నాను.

నేను బి.ఇడి. చదివి కోడలిగా ఎల్లారెడ్డి వెళ్ళి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఒంటిపూట టీచరుగా చేరాను. ఆరో తరగతిలో ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లలు ఏడుకొచ్చేసరికి కనిపించేవారు కాదు. ఎక్కడికో పోయారా అంటే లేదు, మా వాడలోనే వాకిట్లో ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ, నన్ను చూడగానే తల వంచుకునేవారు. మా ముందరి అర్రలో మధ్యాహ్నాలు వాళ్ళకు పదో తరగతి దాకా చదువు చెబుతానని మా అత్తమ్మతో అన్నప్పుడు, ఆమె వెంటనే అర్రలోని వడ్ల బస్తాలు పక్కకు ఈడ్పించేసింది. ఆమెకు అక్షరం రాదు, ఊహ తెలిసినప్పటి నుంచి నడుం వంగేదాకా బీడీలే చేసిన మనిషి.

ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. అత్తమ్మకు వరసకు చెల్లెలయ్యే చిన్నత్తమ్మ మమ్మల్ని గడపలోనే నిలబెట్టింది.

“నా బిడ్డ బడికొస్తే చాట ఎవలు ముంగటేసుకుంటరు? కార్ఖానావోళ్ళకు నువ్వు జవాబు చెప్తవా?”

అత్తమ్మే అందుకుంది. “చాటతోనే తోలియ్యి చెల్లె. చెవులు పాఠమింటయి, చేతులు బీడీలు చేస్తయి. ఏం పోతది?”

అలా పిల్లలు చాటలతోనే వచ్చారు. నేను చదివేదాన్ని, వాళ్ళు చుడుతూ వల్లించేవారు. పొగాకు ఘాటుకు పాఠానికి పది తుమ్ములు తుమ్మేదాన్ని. జన్మలో బీడీ ముట్టని మా ఆయన, ఇల్లు పాన్‌డబ్బాలా వాసనేస్తోందని నవ్వేవారు. అయితే వినడానికి చెవులు చాలు గాని, పరీక్ష రాయడానికి చేతులు కావాలి కదా. కలం పట్టిస్తే బీడీలు తగ్గేవి. రెండు మూడేళ్ళకు, ప్రైవేటుగా కట్టించిన పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతుండగా, అందరిలోకీ చురుకైన చిన్నత్తమ్మ కూతురు రావడం మానేసింది.

మేము వెళ్ళేసరికి చిన్నత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “బీడీలు రోజు తక్కువైతున్నయక్కా. గిట్లైతే కార్ఖానాల నా బీడీల కార్డు తీసేస్తమంటున్నరు.”

“ఆ పిల్లయి బీడీలు నేను చేస్త, పంపు” అని అత్తమ్మ ఎప్పుడో మూలకు పెట్టిన తన చాట దులిపి, మా వసారాలో కూర్చుంది. రెండు రోజులు అక్క నడుం పట్టుకుని లేవడం చూసి తట్టుకోలేక, మూడో రోజు చిన్నత్తమ్మ కూడా చాట తెచ్చుకుని పక్కన చేరింది. ఆ వెనుక ఒక్కొక్క తల్లీ వచ్చింది. లోపల పిల్లలు రాసుకుంటుంటే బయట తల్లులు చుట్టేవారు. ఒకసారి నా ప్రశ్నకు పిల్ల తడబడితే, వసారాలోంచి ఒక తల్లి కేక వినిపించింది: “గోదారి నాశిక్ కాడ పుట్టిందని చెప్పరాదే!” ఆ రోజు పాఠం ఇక సాగలేదు, అంతగా నవ్వుకున్నాం.

ఆ ఏడు ముగ్గురు పిల్లలు కామారెడ్డిలో మా అమ్మగారింట్లో ఉండి పరీక్షలు రాశారు. ఇద్దరు గట్టెక్కారు, ఒక పిల్ల లెక్కలు మళ్ళీ రాసింది. చిన్నత్తమ్మ కూతురు పాసైంది. వానకాలంలో మళ్ళీ బడి తెరిచిన రోజు చిన్నత్తమ్మ, చదివించడానికి ఇంకో కూతురు లేకపోయినా, చాట పట్టుకుని వచ్చి వసారాలో కూర్చుంది. ఇదేమిటని అడిగితే, “మా పిల్ల చదువైపాయె. ఇంకో పిల్లయి చేయొద్దా?” అంది.

తర్వాత దాతలొచ్చారు, గుర్తింపు వచ్చింది, పక్కా గదులు లేచాయి. అవన్నీ చూశాకే అత్తమ్మ కన్నుమూసింది. ఇప్పుడు పిల్లలు సంచీలు తగిలించుకుని వ్యాన్లు దిగుతారు, తల్లులు మీటింగు రోజున వచ్చి సంతకం పెట్టి వెళ్తారు. బడికి వాళ్ళతో వేరే అవసరం లేదు. మేం కోరుకున్నదీ అదే. అత్తమ్మ ఇప్పుడుంటే ఎంత సంతోషించేదో. సంతోషించి, ఆ తర్వాత ఊరికే కూర్చోవడం చేతకాక, నాలాగే ఎవరికేం చేసిపెట్టాలా అని వెతుక్కునేది.