బల్లమీది యుద్ధం

బొమ్మల యుద్ధంలో ఎవరికీ ఏమీ కాదని లోకం అనుకుంటుంది. పని గడువు తీరినా యజమానురాలు దేశం విడిచి ఇంటికి పోయేందుకు ఎగ్జిట్ అనుమతి ఇవ్వని రాయచోటి ఖాసింబీ, సౌదీలో ఉనైజా ఊళ్ళోని ఆమె ఇంట్లో రోజూ బొమ్మల సైన్యాన్ని తుడుస్తుంది. వాళ్ళు పూర్వపు స్కాట్లాండ్ యోధులు. వేలెడంత మనుషులు, చేతుల్లో నిలువెత్తును మించిన బల్లేలు. తలగుడ్డ సర్దుకుని, ఊపిరి బిగబట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతుంది. ఒరిగినవాణ్ణి రెండు వేళ్ళతో నిలబెట్టి, "లెయ్యి నాయనా, పగలు పండుకుంటే కూడెవురు పెడతారు?" అని గదమాయిస్తుంది.

"ఈ యుద్ధం ముగిశాక నీ ఎగ్జిట్ సంగతి అమ్మతో మాట్లాడతాను, ఖాలా" అని ఆ ఇంటి కొడుకు మాజిద్ మాటిచ్చాడు. ఆ సాయంత్రం స్నేహితులతో ఆడుతూ ఆటను సగంలో ఆపాడు. పొద్దున ఖాసింబీ బల్లమీద పడివున్నవాళ్ళందరినీ అలవాటుగా లేపి నిలబెట్టింది. మాజిద్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఖాలా, వాళ్ళు చచ్చినవాళ్ళు! చచ్చినవాళ్ళను లేపితే యుద్ధమెట్లా ముగుస్తుంది? మళ్ళీ మొదటినుంచి ఆడాలి."

"మరి మీ అమ్మతో మాట, బాబా?"

"ముందు ముగియనీ."

యుద్ధం మళ్ళీ మొదలైంది. మరునాడు దులుపుతుండగా కుంచె తగిలి ఒక బల్లెగాడు పడ్డాడు. వాణ్ణి అలాగే వదిలేస్తే యుద్ధం ఆ మేరకు తరుగుతుందని ఆమెకిప్పుడు తెలుసు. ఇది ముగిసినా మాజిద్ ఇంకొకటి మొదలుపెడతాడనీ తెలుసు. ఖాసింబీ వాణ్ణి లేపి నిలబెట్టింది.