నూలు తాగిన గంజి

ఆ రోజు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే పోగు తెగింది. తెగిన పోగు ముడివేయడం నాకు చిన్నప్పటి నుంచీ చేతికి వచ్చిన పని. అలాంటిది రెండు కొసలూ వేళ్ల మధ్య పట్టుకుని కూర్చుండిపోయాను. ముడి ఎలా వేయాలో తోచలేదు. ఏడుపొచ్చేసింది. ఉయ్యాల్లో పిల్ల ఏడుస్తోంది, ఇక్కడ నేనూ ఏడుస్తున్నాను. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచొచ్చి "ఏమైందే?" అంటే ఏం చెప్పను? ఏమీ కాలేదు మరి.

అప్పటికి నేను పచ్చి బాలింతను. మాది బందరు దగ్గర నేతపనివాళ్ల ఊరు. యుద్ధం రోజులు. ఊళ్లోకి కొత్తగా రైసు మిల్లు వచ్చింది. దంచే బాధ తప్పిందని ఆడవాళ్లమంతా రోకళ్లు అటక మీద పడేసి సంబరపడ్డాం. అన్నం మల్లెపువ్వులా ఉండేది.

ఇక బాలింత పథ్యం. పప్పు వాతమట, ఆకుకూర చలవట, మజ్జిగ జలుబట. ఆ మిల్లు బియ్యాన్నే తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగి, వండి, గంజి వార్చి, వెల్లుల్లి కారంతో పెట్టేది మా అత్తయ్య. రెండు పూటలా అదే. ఆవిడ నోరు కరుకే గాని మనిషి చెడ్డది కాదు. తన అత్తగారు తనకు పెట్టిందే నాకూ పెట్టింది. వార్చిన గంజి మాత్రం ఒక్క చుక్క పారబోసేవాళ్లం కాదు. మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు పట్టించాలి కదా! గంజి లేనిదే పోగు మగ్గం మీద నిలవదు.

రానురాను నిద్ర పట్టేది కాదు. అరికాళ్లు తిమ్మిర్లు. ఏదో ముంచుకొస్తోందని ఊరికే గుండెదడ. మా ఆయన కూరలో ఉప్పు తగ్గిందంటే కంచం విసిరికొట్టాను. పిచ్చన్నారు, గాలి సోకిందన్నారు. వేపమండలతో కొట్టించారు. ఒళ్లు మండింది గాని మనసు కుదుటపడలేదు.

ఒకరోజు పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కనే గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నానట. ఆ సాయంత్రం అత్తయ్య మా ఆయనతో అంటోంది: "పిల్లని మీ అక్క దగ్గర పెడదాంరా. ఇది దాన్నేం చేస్తుందోనని నాకు కన్ను మూతపడ్డంలా."

విన్నాను. వద్దనడానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఒక్కసారి బెజవాడలో డాక్టరమ్మకి చూపిద్దామే అమ్మా. ఆవిడా అదే మాటంటే నీ ఇష్టం," అన్నాడు మా ఆయన. అలా అందరం రైలెక్కాం.

ఆ డాక్టరమ్మ ముందుగా అడిగింది, "ఏం తింటున్నావమ్మా?" అని. గొంతుక్కూర్చుని లెమ్మంది. లేవలేకపోయాను. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు కదల్లేదు. పిక్క నొక్కితే మాత్రం కెవ్వుమన్నాను. ఈలోగా పిల్ల ఏడ్చింది. ఆవిడ చప్పున అటు తిరిగింది.

"ఈ పిల్ల గొంతు ఎప్పట్నుంచి ఇలా పూడుకుపోయింది?"

ఏడుపు తగ్గిందనుకున్నాం గాని, గొంతే పోతోందని మాకెవ్వరికీ తెలీలేదు.

"ఇది బెరిబెరి. విటమిన్ బి చాలక నరాలు దెబ్బతిన్నాయి. నీ పాలల్లోనూ లేదు, అందుకే పిల్లకీ వచ్చింది."

"అయితే పిచ్చి కాదాండీ?" అన్నాను.

"కాదమ్మా. ప్రతి ఏడుపూ తిండి వల్ల రాదు, నీది మాత్రం తిండి వల్లే వచ్చింది." అత్తయ్య వైపు తిరిగింది. "ఆ విటమిన్ తవుడులో ఉంటుంది. మిల్లులో చాలాభాగం పోతుంది. మిగిలింది కడుగునీళ్లలోనూ గంజిలోనూ పోతుంది. గంజి ఏం చేస్తారు?"

"నూలుకి పెడతామండీ."

"బావుంది! నూలుకి బలం, కోడలికి నీరసం."



ఇద్దరికీ ఇంజక్షన్లు ఇచ్చారు. పిల్ల గొంతు త్వరగానే విచ్చుకుంది. నాకు నిద్ర పట్టింది. దంపుడు బియ్యం, మినప్పప్పు, తోటకూర తినమని, గంజి వార్చొద్దని చెప్పి పంపారు.

కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత పెద్ద పడుగు ఎక్కించాల్సి వచ్చింది. దంచే తీరిక లేదు, మగ్గానికి గంజి కావాలి. మళ్లీ మిల్లు బియ్యం, మళ్లీ వార్పు. మళ్లీ తిమ్మిర్లు, ఏడుపు. పిల్లను ఆడబిడ్డకిచ్చేస్తారని నాకు ఒకటే బెంగ.

ఒక ఉదయం పిల్ల నోరు తెరిచింది గాని శబ్దం రాలేదు. ఈసారి ముందు కనిపెట్టింది అత్తయ్యే. "అయ్యో, నా తల్లీ!" అంటూ దాన్ని ఎత్తుకుని, అప్పటికప్పుడు మమ్మల్ని మళ్లీ బెజవాడ తీసుకెళ్లింది. తిరిగొచ్చాక అటక మీది రోకలి తనే దింపింది.

"నూలుకి నూకల గంజి విడిగా కాస్తాను. నీ గంజి నువ్వే తాగు," అంది.

నెమ్మదిగా కోలుకున్నాను. అరికాళ్లలో తిమ్మిరి పూర్తిగా పోలేదు. రాట్నం దగ్గర మాత్రం ముడి చకచకా పడుతోంది.

నేను చెప్పేదొకటే. మీ ఇంట్లో బాలింత ఊరికే ఏడుస్తుంటే, వేపమండలు విరవబోయే ముందు ఆమె కంచంలోకి చూడండి, వెంటనే డాక్టరుకు చూపించండి.

నా కూతురు ఇప్పుడు వీధిబడికి వెళ్తోంది. దాని గొంతు మూడు వీధులకు వినబడుతుంది. ఆడపిల్లకి అంత గొంతేమిటని పక్కింటివాళ్లు విసుక్కుంటే అత్తయ్య ఊరుకోదు.

"అరవనీండమ్మా. ఆ గొంతు కోసం నేను రోకలి పట్టాను."