లెక్కకు రాని చెయ్యి

మా వార్డెన్ మేడం పోయారు. మొన్న మంగళవారం పొద్దున రామన్నపేటలో, వాళ్ల చెల్లెలి ఇంట్లో, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే గోడకు ఒరిగిపోయారట. గుండె అన్నారు. నేను షాద్‌నగర్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ల్యాబ్ లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం అన్నానికి బయటికొచ్చి చూసుకుంటే నజ్మావి పదకొండు మిస్డ్ కాల్స్. నజ్మా నా హాస్టల్ రూమ్మేటు, మాట గొంతు దాటి బయటికి రాని పిల్ల. తిరిగి చేస్తే చాలాసేపు ఏడుపే వినిపించింది. చివరికి "మేడం లేరే రుక్సానా" అన్నది. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే బస్సెక్కాను.

చిట్యాలలో మా నాన్న, అబ్బా అంటాం, బండి మీద నా కోసం ఎదురుచూస్తున్నాడు. హైవే పక్కన పంక్చర్ దుకాణం ఆయనది. ఏ పండగకూ మూయని మనిషి ఆ రోజు మూసేసి వచ్చాడు. మేం రామన్నపేట చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటిముందు చాపలు పరిచి ఉన్నాయి. మేడం చెల్లెలు నా స్కార్ఫ్ వైపూ నా ఎత్తు వైపూ చూసి, "ఎలక్షన్ల గెల్చిన పిల్లవు నువ్వేనా?" అని అడిగారు. అవునన్నాను. "మా అక్క నీ ముచ్చట చెప్పని దినం లేదు బిడ్డా. పాలోడు వచ్చినా చెప్పేది, కరెంటోడు వచ్చినా చెప్పేది" అన్నారు. దారంతా బిగబట్టుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు.

ఆమె చెప్పుకున్నది నా గెలుపు. అది ఎవరి గెలుపో మీకు నేను చెప్పాలి.

నల్లగొండలో మా డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కు ఆమె వార్డెన్. చేనేత ఇంటి బిడ్డ. చిన్నప్పటి నుంచి పెళ్లీడు దాకా ఇంట్లో ఆసు పోశారట. ఆసు అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ పోవాలి. ఆ పనికే ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. ఉతికిన చీర తీగ మీద వేయాలన్నా, పై అరలోంచి రిజిస్టర్ తీయాలన్నా ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. "ఓ పొడుగుదానా, జర ఇటు రా" అని నన్నే ఎక్కువ పిలిచేవారు. దవాఖానకు పోదాం మేడం అంటే, "పోయొచ్చిన. ఆళ్లు గోలీలిస్తరు. గోలీలు కడుపులకే పోతయి గని భుజానికి ఎక్కవు" అనేవారు.

ఎవరు కొత్త బట్టలు కట్టినా అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూడకుండా వదిలేవారు కాదు. అబ్బా ఈద్‌కు కొన్న నా చున్నీని పట్టుకుని, "మిల్లు బట్ట. మూడు ఉతుకులు" అని తేల్చేశారు. నిజంగానే మూడు ఉతుకులకు వెలిసిపోయింది, అందుకు ఇంకా కోపం వచ్చింది. సాయంత్రం ఆరు కొట్టగానే గేటుకు తాళం వేసేవారు. తాళంచెవి కొంగుకు ముడేసుకుని నిలబడేవారు. ఆరూ రెండుకు వస్తే ఎందుకు ఆలస్యమైందో కాగితం మీద రాసివ్వాలి. నాకు నోరెక్కువ. మొదటి ఏడాదంతా ఆమెను బాహాటంగానే తిట్టాను. ఒకరోజు గేటు బయట నిలబడి తిడుతుంటే విననే విన్నారు. "తిట్టు గని లోపటికొచ్చి తిట్టు. తాళమెయ్యాలె" అన్నారు.

మా గొడవ ఆ తాళంతోనే మొదలైంది. నల్లగొండలో చదువుకునే ముస్లిం పిల్లలకు ఒక సంఘం ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టడం, పాత పుస్తకాలు పంచడం, రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకు ఇఫ్తార్ ఏర్పాటు చేయడం దాని పనులు. ఊళ్లో వాళ్లు పంపిన పళ్లు, సమోసాలు, హలీం మసీదు ఆవరణలో పంచేవారు. ఇఫ్తార్ ఆరున్నరకు, మా గేటు మూసేది ఆరుకు. సంఘం రిజిస్టర్లో మా ఆడపిల్లల పేర్లు కూడా ఉన్నాయి. కానీ తినే దగ్గర మేం లేము. హాస్టల్లో అన్నం ఎనిమిదికి. అందాకా మంచినీళ్లూ గ్లూకోజ్ బిస్కెట్లే దిక్కు.

రెండో ఏడాది రంజాన్‌లో ఒక సాయంత్రం మేం వరండాలో అలా ఉపవాసం విడుస్తుంటే మేడం వచ్చి నిలబడ్డారు.

"గిదేం తిండే? పొద్దంత ఉపాసముండి బిస్కెట్లు తింటరా?"

సంగతి చెప్పాను. "మసీదుకు వచ్చినోళ్లకు ఇస్తరు మేడం. మేం పోం గదా."

"పోనోళ్లకు ఆకలి గాదా?" అన్నారు. ఆ ప్రశ్న అంతవరకు మాలో ఒక్కరికీ తట్టలేదంటే నమ్మండి. ఆమె లోపలికి పోయి వంటామెతో ఉప్మా చేయించారు. రోజూ అలా నడవదని ఆమెకూ తెలుసు. సరుకులన్నీ కొలిచి ఇచ్చేవే. మేం తింటుంటే స్టూలు లాక్కుని కూర్చుని, "ఆ సంఘానికి పెద్ద ఎవరు?" అని అడిగారు.

"సదర్ అంటరు మేడం. ఏటా మారుతరు. ఇప్పటిదాక అందరు మొగపిల్లలే."

"అయితే ఈసారి నువ్వు నిలబడు. నోరున్నది గద, నన్ను తిట్టుడేనా దానితోటి?"

ఆమె అనకముందే నాకు ఆ కోరిక ఉంది. గట్టిగా ఉంది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కానీ ఒక చిక్కు ఉంది. మా సంఘంలో పదవిని ఎవరూ అడగకూడదు. నోరు తెరిచి అడిగినవాళ్లకు ఇవ్వకూడదన్నది మా పెద్దలు మొదటి నుంచీ పాటిస్తున్న కాయదా. మన పేరు వేరేవాళ్లు లేచి చెప్పాలి, జనం చేతులెత్తాలి, మనం తలొంచుకుని కూర్చోవాలి. నా పేరు చెప్పడానికి నజ్మా ఒప్పుకుంది, వణుకుతూనే ఒప్పుకుంది. మేడంకు మాత్రం ఈ కాయదా సంగతి నేను చెప్పలేదు. ఆమెకెందుకులే అనుకున్నాను.

సదర్ ఎన్నిక ఈద్ దాటిన రెండో ఆదివారం. అంతకుముందు ఏళ్లలో మసీదులో శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత అయ్యేది. ఆడపిల్లలు రావడానికి వీలుగా ఆ ఏడు కాలేజీ హాల్లో పెట్టమని అడిగాం. సంఘానికి పెద్దదిక్కు ఒక రిటైరైన ఉర్దూ పంతులు, అందరం మాస్టర్ సాబ్ అంటాం. ఆయన ఒప్పుకున్నారు. అక్కడికి సగం గెలిచామని ఎగిరాం.

గురువారం పొద్దున కాలేజీకి పోతే గేటు దగ్గర గుంపు. పసుపుపచ్చ చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంతింత అక్షరాలు: "మన హాస్టల్ బిడ్డ రుక్సానాకే మీ ఓటు. అత్యధిక మెజారిటీతో గెలిపించండి." మిగతా పోస్టర్లన్నీ పైన ఉన్నాయి, ఇదొక్కటే నడుమెత్తులో అతికించి ఉంది. ఎవరు అతికించారో ఇంకొకరిని అడగక్కర్లేకపోయింది. మేడం అంతటితో ఆగితేనా! క్యాంటీన్ వాడికీ, జిరాక్స్ షాపు వాడికీ, చివరికి వాచ్‌మన్‌కూ చెప్పారట, మన పిల్లకు ఓటెయ్యుండ్రి అని. వాళ్లలో ఒక్కడికీ ఓటు లేదు. మధ్యాహ్నానికి చార్టు ఫోటో సంఘం వాట్సాప్‌లో తిరుగుతోంది. తౌబా తౌబా అని ఒకరు. పదవికి ఇంత ఆశా అని ఇంకొకరు. అడిగింది కాబట్టి ఇక ఆమె పేరే ఎత్తొద్దని మరొకరు.

చార్టు పీకి చుట్టగా చుట్టుకుని హాస్టల్‌కు పోయాను. ఆ రోజు నేనన్న మాటలు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "మిమ్మల్ని ఎవరు వెట్టమన్నరు మేడం గిది? నా నోట్లె మన్ను గొట్టిన్రు! మా దాంట్ల అడిగితే ఇయ్యరు. అడుగుడే తప్పు!"

ఆమె చార్టు విప్పి ముడతలు సాపు చేస్తూ విన్నారు. "అట్లనా" అన్నారు నెమ్మదిగా. "మా చేనేత సంఘానికి నిలబడ్డోడు ఇల్లిల్లు తిరిగి దండం వెట్టి అడుగుతడు. అడగకుంటే పొగరంటరు. మీ దాంట్ల అడిగితే తప్పని నాకేమెరుక? ముందుగాల చెప్పాలె గదనే పోరీ."

నిజమే, చెప్పనిది నేను. అయినా మొండిగా, "ఇగ నేను పోనే పోను" అన్నాను.

"ఎన్ని గంటలకు మీటింగు?"

"పదింటికి. అయితే ఏంది?"

"ఆయితారం హాస్టల్ పిల్లలు బయటికి పోవాలంటే ఎంట వార్డెన్ ఉండాలె. నేనొస్తున్న. తయారుండు."

ఆదివారం మా ఆడపిల్లలందరినీ వరుసలో నడిపించుకుని హాలుకు తీసుకుపోయారు. నీలం అంచు చీర, సొంత ఊళ్లో నేసింది, ఆమె దగ్గరున్న వాటిలో మంచిది. వెనక వరుసలో గోడ పక్కన కూర్చున్నారు. ముందుగా ఫార్మసీ చదివే ఒక అబ్బాయి పేరు వచ్చింది. మంచివాడే, నెమ్మదస్తుడు. తర్వాత మాస్టర్ సాబ్ గొంతు సవరించుకున్నారు. "ఇంకొక పేరు గురించి అందరూ మాట్లాడుతున్నరు. కానీ మన కాయదా అందరికీ ఎరుకే. పదవి అడిగినోళ్లకు పదవి లేదు" అన్నారు. అన్ని తలలూ నావైపు తిరిగాయి.

"సార్, ఒక్క మాట." వెనక నుంచి మేడం లేచారు. "ఆ కాయితం రాసింది నేను. అంటించింది నేను. ఈ పిల్లకు తెల్వదు. తెలిసినంక నన్ను తిట్టరాని తిట్లు తిట్టింది, కావాలంటే హాస్టల్ల ఎవల్నన్న అడుగుండ్రి." నవ్వులు మొదలయ్యాయి. ఆమె నవ్వలేదు. "అడిగినోళ్లకు ఇయ్యద్దన్నరు, మంచి కాయదానే. అడిగింది నేను. నాకియ్యకుండ్రి."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మాస్టర్ సాబ్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "రాసుకోండి. వార్డెన్ మేడంకు సదర్ పదవి ఇచ్చేది లేదు" అన్నారు. మళ్లీ నవ్వులు. ముందు వరుసలో ఒకడు మాత్రం లేచి, "మసీదుకు రాని మనిషి సదర్ ఎట్లయితది?" అన్నాడు. మాస్టర్ సాబ్ అతని వైపు తిరిగి, "ఫారాలు నింపేటందుకు, పుస్తకాలు పంచేటందుకు మనిషి కావాలె బేటా. నమాజు చదివించేటందుకు ఇమామ్ సాబ్ ఉన్నడు" అన్నారు. అతను కూర్చున్నాడు.

అప్పుడు నజ్మా లేచింది. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నా, ఆ పిల్ల గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది. "రుక్సానా బేగం పేరు నేను చెప్తున్న. బిస్కెట్లు తిన్నోళ్లందరి తరఫున చెప్తున్న" అన్నది. చేతులు లేచాయి. ముందు మావి, తర్వాత మేం ఊహించని మగపిల్లలవి కూడా. నేను తలొంచుకుని కూర్చోవాలి, కాయదా ప్రకారం. కూర్చోలేకపోయాను. తలెత్తి చూశాను, నోరంతా తెరిచి నవ్వాను కూడా.

గెలిచాను. మరుసటి రంజాన్‌లో మొదటి రోజు ఆరుంపావుకు సంఘం ఆటో మా హాస్టల్ గేటు ముందు ఆగింది. మేడం కొంగు ముడి విప్పి తాళం తీశారు. ఆరు దాటాక కాగితం రాసివ్వకుండా ఆ గేటు తెరుచుకోవడం మేమెవ్వరం అంతవరకు చూడలేదు. వరండాలో దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి పళ్లేలు పెట్టాం. ఆ నెలంతా ఆమె మాతోనే కూర్చున్నారు. ఒక్క ఖర్జూరం పండు చేతిలో పట్టుకుని అజాన్ అయ్యేదాకా తినేవారు కాదు. "నాకు ఉపాసం లేదు గని మీకంటె ముందుగాల తినుడు బాగుండది" అనేవారు. నా తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు సదర్లయ్యారు. ఆ ఆటో ఇప్పటికీ వస్తుందట.

మొన్న రామన్నపేటలో, మేం లేచి రాబోతుంటే, చెల్లెలు తన చేతులు చూసుకుంటూ అన్నారు: "ఆఖరు దినం పొద్దుగాల గూడ జడ నేనే ఏసిన. పాపం, ఆ చెయ్యి నెత్తి దాక ఎన్నడు లేవకపాయె."

"ఒక్కసారి లేసిందమ్మా" అన్నాను. ఆ సంగతి మేడం పాలవాడికీ చెప్పలేదు, కరెంటువాడికీ చెప్పలేదు. చెల్లెలికి కూడా చెప్పలేదు. నేనే చెప్పాను.

ఎన్నిక రోజు చేతుల లెక్క మొదటిసారి కలవలేదు. రెండు పేర్లకూ లేచిన చేతులు కలిపితే, గుమ్మం దగ్గర సంతకాలు పెట్టినవాళ్ల కంటే ఒక చెయ్యి ఎక్కువ వచ్చింది. "ఎవరో రెండు చేతులు లేపిండ్రు" అని మాస్టర్ సాబ్ కోప్పడి, నాకు ఎత్తిన చేతులు మళ్లీ ఎత్తమన్నారు. ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టుకుంటూ వెనక వరుస దాకా వచ్చి ఆగిపోయారు.

"మేడం, మీది లెక్కల రాదు."

"ఎరుకే సార్. ఇడిసిపెట్టి లెక్కవెట్టుండ్రి."

అది కుడి చెయ్యి. ఎడమ చెయ్యి మోచేతి కింద ఆనించి ఎత్తి పట్టుకున్నారు. భుజం దాటింది, చెవి దాటింది, తల మీదికి లేచి నిలబడింది. నొప్పికి పళ్లు బిగించి ఉన్నారు. అది తీసేసి లెక్కపెట్టినా నేనే గెలిచాను. మాస్టర్ సాబ్ నా పేరు చదివారు, రిజిస్టర్లో రాశారు, అందరూ ముందుకు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. వెనక వరుసలో ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది.