పండగ పూట నల్ల వైరు

రిపేరు అబ్బాయి నోటి నుంచి "ఫార్మాట్" అన్న మాట వినబడేసరికి నేను వంటింట్లో టీ వడగడుతున్నాను. డిస్కులో ఉన్నదంతా తుడిచేసే ఆ మాటకే నాకు భయం వేసింది. పొద్దున కంప్యూటరు లేవనని మొరాయించినప్పుడు విసుక్కున్నానే గాని భయపడలేదు. టీ గిన్నె అక్కడే దించేసి ముందు గదిలోకి పరుగెత్తాను. తెర మీద ఒకే ఒక్క డిస్కు కనిపిస్తోంది, పక్కనే దాని సైజు. అతని వేలు ఎంటర్ మీద ఉంది.

ఆ సైజు నాకు తెలుసు. అది విండోస్ ఉండే చిన్న డిస్కు కాదు. పెళ్లి ఫోటోలున్న పెద్ద డిస్కు.

"ఆగు తమ్ముడూ. దాన్ని ముట్టుకోవద్దు."

"విండోస్ ఉండే డిస్కు పోయిందక్కా. అసలు కనపడలా. ఇదొక్కటే బతికుండాది. దీన్ని ఫార్మాట్ కొట్టి దీంట్లోనే విండోస్ ఎక్కించేస్తా."

"అందులో ఫోటోలున్నాయి."

అతను నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగాడు. "ఫోటోలు ఆ పోయినవాట్లో ఉంటాయిలే అన్నా. అక్కకి కంగారెక్కువ."

"వాడికి తెలుసులే," అన్నారు మా ఆయన. "నువ్వు గమ్మునుండు. ఆ టీ ఏదో తీసుకురా పో."

నేను టీ తేలేదు. గోడ దగ్గరికెళ్లి స్విచ్ తీసేశాను. తెర నల్లబడింది.

"పని తెలిసినోళ్లని పని చేసుకోనీయాలక్కా," అన్నాడతను, బ్యాగు సర్దుకుంటూ. "రేపు మళ్లీ పిలిస్తే నేను రాను. నెల్లూరు నించి ఇంత దూరం ఊరికే వచ్చిపోయేదానికా?"

"పిలవను," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను మామూలుగా భయస్తురాలిని. గ్యాస్ కట్టేసి వచ్చాక మళ్లీ వెళ్లి చూసుకుంటాను. పిల్లలు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే, ముత్తుకూరు రోడ్డు మీద కరెంటు ప్లాంటు బూడిద లారీలన్నీ వాళ్ల మీదికే వస్తున్నట్టు ఉంటుంది నాకు. కానీ ఆ రోజు అతని వేలు ఆ కీ మీద చూశాక నాలో భయపడేదీ ఎదురుతిరిగేదీ ఒకటే అయ్యాయి.

నా పని గురించి చెప్పాలి. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఒకాయన దగ్గర నుంచి ఫోటోలు తెచ్చుకుని ఇంట్లోనే రంగులు సరిచేసి ఆల్బములు తయారుచేస్తాను. మా వీధికి చేపలు తెచ్చే అక్క కూతురి పెళ్లి ఫోటోలు అప్పుడు నా దగ్గర ఉన్నాయి. కెమెరా కార్డులు ఖాళీ చేసుకుని ఆయన ఇంకో పెళ్లికి వెళ్లిపోయాడు. ఇంకో చోట కాపీ పెట్టుకోవడం పండగ తర్వాత అనుకున్నాను. అంటే ఆ పెళ్లి మొత్తం ఆ ఒక్క డిస్కులోనే ఉంది. చేపల అక్క రోజూ గుమ్మంలో గంప దించి, నెత్తళ్లు కొలుస్తూ అడిగేది. "ఏమ్మా, ఆల్బం ఎప్పుడిస్తావు? నా బిడ్డ నీళ్లు కూడా పోసుకునింది. బారసాల ఫోటోలూ పెళ్లి ఫోటోలూ ఒకేసారి ఇస్తావా ఏంది?" ఆమె నవ్వుతూనే అడిగేది. పోయాయని నేను చెప్తే ఆ నవ్వు ఏమవుతుందో ఊహించలేకపోయాను. డబ్బయితే తిరిగి ఇచ్చేయవచ్చు. తలంబ్రాలు మళ్లీ ఎక్కడి నుంచి పోయిస్తాను?

రిపేరు అబ్బాయి వెళ్లాక మా ఆయన నా మీది కోపం మా పాప మీద చూపించారు. రెండో తరగతి అది. "నువ్వే ఏందో పీకుంటావు. సెలవులిస్తే చాలు, దాంట్లో తలకాయ పెడతావు." "నేను కాదు నాన్నా," అని అది ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని చూసి తమ్ముడు కూడా ఎందుకో తెలియకుండానే ఏడ్చాడు. ఆయన క్యారేజీ తీసుకుని ప్లాంటుకు షిఫ్టుకు వెళ్లిపోయారు.

పిల్లలకు చెరో లడ్డూ ఇచ్చి కూర్చోబెట్టి, నేను కంప్యూటరు ముందు నేల మీద కూర్చున్నాను. డిగ్రీలో నేను చదివింది కంప్యూటర్లే. పెళ్లయ్యాక ఆ సంగతి అందరూ మర్చిపోయారు, నేను కూడా కొంత మర్చిపోయాను.

మా కంప్యూటరు మామూలుది కాదు. సముద్రం గాలికి బోర్డు మీద డిస్కులు తగిలించే సాకెట్లు ఒక్కొక్కటే తుప్పు పట్టి చివరికి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదానికి నల్ల వైరుతో విండోస్ ఉండే చిన్న డిస్కు పెట్టుకున్నాను. ఫోటోల డిస్కులు రెండింటికీ విడిగా ఒక చిన్న కార్డు కొని లోపల బిగించాను. దానితో పాటు ఎర్ర వైర్లు వచ్చాయి. అంటే డిస్కులను చూసుకునేవి ఈ పెట్టెలో రెండున్నాయి, బోర్డు ఒకటి, కార్డు ఒకటి. కంప్యూటరు లేచేటప్పుడు మొదట బోర్డు తన దగ్గరున్న డిస్కునే చూస్తుంది. కార్డు చౌక రకం. విండోస్ లేచి పలకరిస్తే గాని దాని డిస్కులు కనపడవు. కార్డు బిగించిన రోజు ఈ సంగతి తెలియక సగం రోజు తల పట్టుకున్నాను.

స్విచ్ వేసి, విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల తెర తెరిచాను. ఒకే డిస్కు. పొద్దున అతను చూసిందే. కార్డు మీదివి ఇక్కడ కనపడవు కాబట్టి ఒకటే ఉండడం సరైనదే. మూడింట్లో రెండు చచ్చిపోయాయని అతను అనుకున్నాడు. కానీ ఆ ఒకటి చిన్నది అయి ఉండాలి. పెద్దది ఎందుకుంది? పెద్దది నల్ల వైరుకు ఎలా వచ్చింది?

కరెంటు తీసేసి, బోర్డు దగ్గర నల్ల వైరు పట్టుకుని వేలితో వెంబడించాను. ఎండలకు వేడెక్కుతుందని పెట్టె పక్క రేకు ఎప్పుడూ తీసే ఉంచుతాను. వైరు వంపు తిరిగి పైన ఉన్న చిన్న డిస్కు దగ్గరికి పోవాలి. పోలేదు. కిందున్న పెద్దదానికి పోయింది. డిస్కు రేకు మీద నా వేలికి ఏదో పొడి అంటుకుంది. చూస్తే కుంకుమ.

మూడు డిస్కులకూ పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి.

ముందు రోజు ఆయుధ పూజ. బండికి, కత్తిపీటకు, కుట్టు మిషనుకు మా అత్తగారు బొట్లు పెట్టారని తెలుసు. కంప్యూటరుకు పైపైన పెట్టి ఉంటారనుకున్నాను.

"అత్తా, లోపల వైర్లు పీకావా?"

ఆమె పెరట్లో నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. పాప మీద అరుపులు విన్నప్పటి నుంచీ ఆమె ముఖం బాగాలేదు. "పీకకుండా ఎట్టా తుడిచేది? అంత దుమ్ము పెట్టుకోనుండావు. మీ మామ బోరు మోటారుకి పూజ చేసేటప్పుడు కూడా అంతా ఊడదీసి తుడిచి మళ్లీ బిగించేవాడు. నేనూ అన్నీ మళ్లీ పెట్టినా గదా!"

"ఎక్కడివి అక్కడే పెట్టావా?"

ఆమె వంగి పెట్టెలోకి చూశారు. "పైదానికి నల్లది ఉండింది. పండగ పూట తలకాయ మీద నల్లదేందని ఎర్రది పెట్టినా. నల్లది కిందదానికి పెట్టినా. అయినా వైరు వైరే గదమ్మా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. "నావల్లేనా? వాడికి చెప్పబాకమ్మా. ఊరంతా చెప్పుకోని నవ్వతాడు."

"చెప్పనులే," అన్నాను. "ఇందులో నీ తప్పేముంది? రేకు తీసి పెట్టిందాన్ని నేను."

రెండు వైర్లూ పీకి, నల్లది పైకి, ఎర్రది కిందికి మార్చాను. స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర చాలాసేపు నల్లగానే ఉండి నా ప్రాణం తీసింది. తర్వాత విండోస్ గుర్తు వచ్చింది. ఫోటోల డిస్కులు రెండూ వచ్చాయి. పెళ్లి తెరిస్తే మొదటి ఫోటోలోనే చేపల అక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ ఉంది. అత్తగారు తెర దగ్గరికి వంగి చూసి, "కమ్మలు కొత్తవి," అన్నారు.

అప్పటికప్పుడే ఆ పెళ్లిని రెండో డిస్కులోకి కాపీ పెట్టాను. అది పూర్తయ్యేదాకా కుర్చీలో నుంచి కదల్లేదు.

రాత్రి పిల్లలు పడుకున్నాక వచ్చిన మా ఆయన చెప్పులు విప్పుతూ తెర వైపు చూసి ఆగిపోయారు. "డిస్కు పోయిందన్నాడే వాడు?"

"వాడికి పోయింది. నాకు పోలేదు."

"ఏం చేసినావు?"

"వైరు మార్చాను. రేపు పిల్ల లేచాక దాన్ని మీరు దగ్గరికి పిలుచుకోండి. అది ఏమీ పీకలేదు."

ఎవరు పీకారని ఆయన అడిగారు. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. పిల్లలు పడుకున్నాక ఇది రాసుకుంటున్నాను గాని, ఇది ఆయన చదివినా నాకు పరవాలేదు. టీ తెమ్మన్న మాట కూడా ఇందులో ఉంది, అదీ చదవాలి.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ పెట్టె ముందు కూర్చోబెట్టాను. నల్ల వైరుకు అత్తగారి చేతనే పసుపు దారం కట్టించాను. ఇంక దాన్ని ఏ పండగకీ ఎవరూ కాదనరు. పాప భయంగా చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ముందుకు లాగి వైరు మీద పెట్టాను.

"దీన్ని ముట్టుకోవచ్చు," అని చెప్పాను. "పీకొచ్చు కూడా. పీకే ముందు ఎక్కడుందో ఫోను తీసుకుని ఫోటో తీయండి, అంతే. పాడైతే నేను బాగుచేస్తాను. కానీ ఎవరైనా వచ్చి పోయింది, ఫార్మాట్ కొట్టాల అన్నారనుకోండి, ముందు నన్ను పిలవండి. నేను లేకపోతే స్విచ్ తీసేయండి."

"నాన్న చెప్పినా తీసేయాలా?" అంది పాప.

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న మా ఆయనకు వినబడేటట్టు చెప్పాను.

"నాన్న చెప్పినా."