రాయి లేని ఉంగరం

రోజలిన్‌కి చెయ్యి ముందు లేస్తుంది, బుద్ధి ఆ తర్వాత. అనకాపల్లిలో వాళ్ల వీధివాళ్లు నవ్వుతూ చెప్పుకునే మాట ఇది. నవ్వడానికేం, దెబ్బలు తిన్నది వాళ్లు కాదుగా!

ఏడేళ్లప్పుడే పక్కింటి పిల్లాణ్ణి పలక విరిగేలా కొట్టింది. పెద్దయ్యాక పరవాడ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఒకరోజు కంపెనీ బస్సులో ఎవడో వెనకనుంచి చెయ్యి వేశాడు. టిఫిన్ క్యారియర్ తీసి ముఖం మీద బాదింది. కింద పడ్డాక కూడా వాణ్ణి వదల్లేదు, ఇంకో రెండు వేసింది. వాడి పన్నొకటి సీటు కింద దొరికింది. బస్సులో ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వాడికి తగిన శాస్తే, నేనూ కాదనను. కానీ ఆ సాయంత్రం ఈ సంగతి విని నవ్వనిది తల్లి లూర్దు మేరీ ఒక్కతే. కూతురి పిడికిలి వంక చూస్తూ కూర్చుంది.

అలాంటి పిడికిలి ఆవిడకు కొత్త కాదు. మొగుడు ఇమ్మాన్యుయేల్ లారీ డ్రైవరు. సింహం తలకాయ ఉంగరం పెట్టుకునేవాడు. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. ఒకసారి ఆ సింహం మూతి దిగి ఆవిడ ఎడమ చెంప చీలిపోయింది. ఆవిడ ఆస్పత్రిలో తలుపు తగిలిందని చెప్పుకుంది. చుట్టాలందరికీ అసలు సంగతి తెలుసు. ఒక్క మగాడూ అడ్డం వెళ్లలేదు, సిగ్గులేని జన్మలు! ఎలమంచిలి దగ్గర లారీ బోల్తాపడి అతను పోయిన రోజు ఆవిడకు ఏడుపు రాలేదు. పన్నెండేళ్ల రోజలిన్ తల్లి చెంప నిమిరి, "నేను నాన్నలాగ అవనమ్మా" అని ఒట్టు పెట్టింది.

ఆ ఒట్టు పదేళ్లు నిలిచింది. 2005లో మొదటి బోనస్ రాగానే రోజలిన్ ఎర్రరాయి ఉంగరం కొనుక్కుంది. రాయిని పట్టి ఉంచే కొక్కేలు ముళ్లలా పైకి లేచి ఉండేవి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి తల్లి ఆమె యూనిఫారం సర్ఫు నీళ్లలో నానబెట్టింది, జేబులో ఐడీ కార్డుతో సహా. కార్డు పాడైతే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. "కళ్లు కనపడవేటి నీకు?" అంటూనే రోజలిన్ చెయ్యి తిప్పి కొట్టింది. కొక్కేలు కుడి చెంపలోకి దిగాయి. బకెట్టులో నురగ ఎర్రబడింది.

లూర్దు మేరీ ఏడవలేదు. చెంపకు కొంగు అదుముకుని తనే ఆస్పత్రికి నడిచింది. "తలుపు తగిలింది బాబూ" అంది. మూడు కుట్లు పడ్డాయి. ఊరంతా నమ్మింది. మరుసటి ఆదివారం రోజలిన్ ఆ ఉంగరాన్ని చర్చిలో కానుకల పెట్టెలో పడేసింది.

రెండేళ్లకు సంబంధం కుదిరింది. స్టాన్లీ లూర్దు మేరీకి వరసకు అన్న కొడుకు, దేవరాపల్లిలో పంపుసెట్లు బాగుచేస్తాడు. గొంతెత్తి మాట్లాడడం ఎరగడు. అతనంటే రోజలిన్‌కి ప్రాణం. అందుకే ఆమెకు నిద్ర పట్టడం లేదు. రేపు ఈ చెయ్యి అతని మీద లేస్తే?

ప్రధానం ఉంగరం కొనడానికి తల్లులతో కలిసి నలుగురూ బంగారం షాపుకి వెళ్లారు. స్టాన్లీ తల్లి చిన్నమ్మలు ఏడు రాళ్ల పువ్వు ఉంగరం ఎంచింది.

"పదిమందీ వత్తారు. సేతికి మెరిసేది ఉండాల" అంది.

"రాళ్లుంటే గ్లౌజులు సిరిగిపోతాయత్తా. కంపెనీలో ఒప్పరు."

"పనికెళ్లినప్పుడు తీసేసుకో."

"ఇంటికొచ్చి మళ్లీ ఎట్టుకోవాల కదత్తా" అంది రోజలిన్ తలొంచుకుని.

అద్దం మీద పరిచిన ఉంగరాలన్నీ ఒక్కొక్కటే తీసి తన చెంపకు ఆనించి నొక్కి చూసుకుంది. షావుకారు వింతగా చూశాడు. చివరికి ఏ అంచూ లేని నున్నటి ఉంగరం దొరికింది. నొక్కితే గీత కూడా పడలేదు. చిన్నమ్మలు మూతి ముడిచింది. "దానికి నచ్చిందే తీసుకుందారమ్మా" అన్నాడు స్టాన్లీ.

రోజలిన్ గుండె తేలికపడింది. ఉంగరం తొడుక్కుని, "అమ్మా, సూడు" అంటూ సంబరంగా చెయ్యెత్తింది.

లూర్దు మేరీ కళ్లు గట్టిగా మూసుకుంది. రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని వెనక్కి ఒరిగింది. కుర్చీ కిర్రుమంది.

షాపులో అందరూ ఆగిపోయారు. స్టాన్లీ ఆ ఎత్తిన చేతిని చూశాడు, మేనత్తని చూశాడు.

"అత్తా, మావయ్య పోయి పన్నెండేళ్లయింది. ఇంకా ఎవరికి భయపడతన్నావు?"

"ఎవరికీ లేదురా. ఏదో... అప్పుడు తలుపు తగిలింది కదా, అప్పట్నుంచీ..." అంటోంది ఆవిడ.

రోజలిన్ ఉంగరం తీసి అద్దం మీద పెట్టింది.

"తలుపు కాదు బావా. ఆ కుడి చెంప నేనే కొట్టేను. రాయి లేకపోతే సరిపోద్దనుకున్నాను. సరిపోదు."

చిన్నమ్మలు కొడుకు చెయ్యి పట్టి బయటికి లాగబోయింది. స్టాన్లీ విడిపించుకున్నాడు. తన కుర్చీ ఎత్తి తెచ్చి, తల్లికీ కూతురికీ మధ్య వేసుకుని కూర్చున్నాడు. లూర్దు మేరీ బతుకులో ఆవిడకు అడ్డంగా ఒకరొచ్చి కూర్చోవడం అదే మొదటిసారి. మొగుడు పోయిన రోజూ, కుట్లు వేసిన రోజూ రాని ఏడుపు ఆవిడకు అప్పుడొచ్చింది.