ఖాదర్ వలి భాయ్ మార్కులు

మా ఖాదర్ వలి భాయ్‌కి మార్కులు వేయనిదే ముద్ద దిగదు. ఏ పనైనా నాలుగైదు రకాలుగా చూసి, ఒక్కోదానికి పదికి ఇన్నని వేసి, కూడితే తప్ప కాలు కదపడు. ఒకసారి చెప్పులు కొందామని మార్కాపురం బజారంతా తిప్పినాడు నన్ను. మెత్తదనం, మన్నిక, చప్పుడు, ముల్లు దిగకపోవడం! కూడిక తేలేసరికి నా చెప్పులు తెగినాయి. ఆయన కొననేలేదు.

"పెళ్లికీ ఇట్లనే చేసినాడా భాభీ?" అని ఆయన భార్య మహజబీన్‌ను అడిగినా.

"ఆయన లెక్క తేలేలోపల మా అబ్బా నిఖా జరిపించేసినాడు" అనింది.

మేమిద్దరం గొర్రెల దాణా పంపిణీ చేస్తాం. మార్కాపురంలో ఒకటి, కనిగిరిలో ఒకటి చిన్న గోడౌన్లు. రెండూ ఎత్తేసి మార్కాపురంలోనే పెద్దది పెడదామన్నా నేను.

"మార్కులు వేద్దాం బ్రహ్మం" అన్నాడు భాయ్. నేను నా చెప్పుల వైపు చూసుకున్నా.

అద్దె, రోడ్డు, హమాలీలు, ఎలుకలు. దేనికెంత విలువో తేల్చి కూడితే పెద్ద గోడౌనే గెలిచింది.

"అయిపాయె. పా, మాట్లాడేసి వద్దాం."

"ఆగు. ఎలుకలకు విలువ తక్కువేసినాం."

మళ్లీ కూడినాడు. మళ్లీ అదే గెలిచింది.

"ఎలుకలు కూడా మార్కాపురానికే ఓటేసినాయి భాయ్!"

"దాణాకొచ్చే కాపరుల నడక కలపలేదే!"

రోజుకొకటి కలిపేవాడు. చెట్టు నీడ. తాగే నీళ్లు. పెద్ద గోడౌను ఓనరు ఫోన్లో తిట్లకు దిగినాడు. నాకు ఒళ్లు మండి, నేనే మూసేసి వస్తానని కనిగిరి పోయినా.

అక్కడ గోడౌను చూసుకునే ఎలీషబా కాలీడ్చుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. "ఏంది బ్రహ్మమన్నా, మూసేస్తాండారా? ఖాదరన్న రోజూ ఫోన్ చేసి, 'భయపడొద్దు చెల్లీ, ఇంకా మార్కులు తేలలేదు' అంటాండాడే!"

తిరిగొచ్చి భాయ్‌ని నిలదీసినా.

"ఆ కాలితో రోజూ మార్కాపురం బస్సు ఎక్కగలదా ఆమె?" అన్నాడు.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!"

"జాలి అంటే నువ్వు పోట్లాడతావు. మార్కులంటే విసుక్కొని ఊరుకుంటావు."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "లారీ సరుకంతా మార్కాపురం పెద్ద గోడౌన్లోనే దించనీ. కనిగిరిది ఎలీషబా చేతిలోనే ఉండనీ. సరేనా?" అన్నా.

"బాగుంది. దానికీ ఒకసారి..."

"వద్దు!"

కనిగిరి గోడౌనుకు కొత్త బోర్డు రాయించినా. రంగుకు మార్కులు మొదలుపెట్టకుండా, ఆరినాకనే భాయ్‌కి చూపించినా.